లేజరు కాంతి – పదార్థ ప్రయాణం

లండను నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కొన్ని పాత గాజుసీసాలు భద్రంగా ఉన్నాయి. వాటిలోని ద్రవం కెంపును కరిగించి పోసినట్లు ఎర్రగా ఉంటుంది. చూచినవారు రంగునీరని భ్రమపడతారు. నిజానికది బంగారం. మైకేల్ ఫారడే బంగారు లవణ ద్రావణాన్ని భాస్వరంతో చర్యనొందించి సిద్ధం చేసిన ద్రవమది. ఆ పరిశోధన ఫలితాలను ఆయన 1857లో రాయల్ సొసైటీకి సమర్పించాడు. బంగారం పసుపుపచ్చగా ఉంటుందని పసిబిడ్డ కూడా చెబుతుంది. మరి ఆ పసుపు ఎరుపుగా మారడానికి కారణమేమిటి? బంగారం కంటికి కానరానంత చిన్న రేణువులుగా విడిపోయి నీటిలో తేలుతూ ఉండటమే కారణమని ఫారడే ఊహించాడు. ఆ రేణువులను చూడగల సూక్ష్మదర్శిని ఆనాడు లేదు. అయినా ఆయన ఊహ తప్పలేదు. ఈనాడు వాటినే నానోకణాలని పిలుస్తున్నారు. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. తల వెంట్రుక మందం దాదాపు ఎనభైవేల నానోమీటర్లుంటుందనుకొంటే, ఫారడే సీసాలలోని రేణువులు ఎంతటి సూక్ష్మరూపాలో ఊహించవచ్చు.

ఆ పరిశోధనలోనే ఫారడే చేసిన మరొక ప్రయోగం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయన సన్నని బంగారు తీగను గాజుపలక చెంత అమర్చి, లేడెన్ జాడీలలో కూడబెట్టిన విద్యుత్తునంతటినీ ఒక్కపెట్టున దానిగుండా పంపాడు. తీగ పేలి మాయమైంది. గాజుపలక మీద మాత్రం పలుచని బంగారు పూత మిగిలింది. ద్రవంలో కణాలు, గాజుపై పొర – ఈ రెండింటినీ ఒకే మనిషి ఒకే పరిశోధనలో సాధించాడన్నమాట. రెండవది ఆకస్మికమైన ఒక దెబ్బతో సాధించినది. అటువంటి దెబ్బను విద్యుత్తుకు మారుగా కాంతితో కొట్టడానికి లోకం మరొక నూరేళ్ళకు పైగా వేచి ఉండవలసివచ్చింది.

1960 మే 16వ తేదీన అమెరికాలోని మాలిబూ పట్టణంలో, హ్యూస్ పరిశోధనాలయంలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీ నుండి తొలి లేజరు కాంతిని వెలువరించాడు. ఆ కాంతితో ఏం చేయాలో తొలిరోజులలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. సమస్యను వెదుక్కుంటూ తిరుగుతున్న పరిష్కారమని దానిని చమత్కరించేవారు. గడ్డం గీసుకొనే బ్లేడ్లను వరుసగా పేర్చి, వాటిపై లేజరును ప్రయోగించి, ఎన్ని బ్లేడ్లకు తూట్లు పడితే అంత బలమైన లేజరని ఆనాటి పరిశోధకులు సరదాగా లెక్కకట్టేవారు. అందరి చూపూ పడిన తూటు మీదనే నిలిచింది. తూటు పడిన చోటి లోహం ఏమైనదన్న ప్రశ్నలోనే ఒక కొత్త విద్య దాగి ఉన్నది.

ఆ విద్యను ‘లేజర్ అబ్లేషన్’ అంటారు. ఈ మాట వ్యాకరణం చదివిన విద్యార్థికి పూర్తిగా కొత్తది కాదు. ‘తీసికొనిపోవుట’ అనే అర్థమున్న లాటిన్ ధాతురూపం నుండి ఇది పుట్టింది. ఐరోపా భాషల వ్యాకరణాలలో పంచమీ విభక్తికి ఉన్న ‘అబ్లేటివ్’ అనే పేరు కూడ అక్కడి నుండి వచ్చినదే. వలనన్, కంటెన్, పట్టి అని మనం వల్లించే పంచమిని సంస్కృత వైయాకరణులు అపాదానమనే కారకంతో ముడిపెట్టారు. ఒకటి మరొకదాని నుండి విడిపోయేటప్పుడు, విడిపోగా స్థిరంగా నిలిచి ఉండేది అపాదానం. చెట్టు నుండి ఆకు రాలినప్పుడు చెట్టు అపాదానం. లేజరు తాకిన లోహపు బిళ్ళ నుండి పరమాణువులు లేచిపోయినప్పుడు బిళ్ళ అపాదానం. ఈ బిళ్ళను శాస్త్రజ్ఞులు లక్ష్యమంటారు.

కాంతి లోహాన్ని లేపుకొని పోవడమేమిటని సందేహం కలుగవచ్చు. ఎండలో ఉంచిన ఇనుము వేడెక్కుతుందే కాని ఎగిరిపోదు. ఇక్కడి రహస్యం శక్తి పరిమాణంలో కంటె ఆ శక్తిని అందించే వ్యవధిలో ఉన్నది. నూరు వాట్ల విద్యుద్దీపం సెకనులో వెయ్యోవంతు కాలంలో ఖర్చుచేసే శక్తి జౌలులో పదోవంతు. దానితో చీమకు కూడ చలి తీరదు. కాని అంతే శక్తిని 20 నానోసెకన్లలో కుమ్మరిస్తే, ఆ లిప్తకాలం పాటు దాని సామర్థ్యం 50 లక్షల వాట్లు. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి కూడ 20 నానోసెకన్లలో ఆరు మీటర్లు మాత్రమే సాగుతుంది. ఇలా తెగిపడినట్లుగా వచ్చే కాంతి తునకను స్పందమంటారు. కటకం సాయంతో ఆ స్పందాన్ని కందిగింజ కంటె చిన్నదైన చోట కేంద్రీకరిస్తే, అక్కడి పై పొర కరగడం, మరగడం, ఆవిరి కావడం అన్నీ ఒకదానిమీద ఒకటి జరిగిపోతాయి. లోపలి పదార్థానికి వేడి పాకేలోగా పై పదార్థం లేచిపోతుంది. పరమాణువులు, అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన ఆ వేడి ప్లాస్మా, దీపపు నాలుక ఆకారంలో ధగధగ మెరుస్తూ లక్ష్యానికి లంబదిశలో చిమ్ముతుంది. దానికి ఎదురుగా నునుపైన పలకను నిలిపితే ఆ పదార్థం దానిమీద వాలి పొరగా ఏర్పడుతుంది.

1965లో స్మిత్, టర్నర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు శూన్యపాత్రలో కెంపు లేజరుతో పలుచని పొరలను తయారుచేసి చూపారు. పొరలు ఏర్పడ్డాయి. కాని అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులు అంతకంటె మేలైన పొరలనిస్తున్నాయి. పదార్థాన్ని మూసలో కాచి ఆవిరి చేసి పూత పూసే పద్ధతి చవుక, సులభం. అందువల్ల లేజరు పద్ధతి రెండు దశాబ్దాలకు పైగా కొద్దిమంది పరిశోధకుల చేతులలోనే ఉండిపోయింది. విద్య ఉన్నా దాని అవసరం లోకానికి ఇంకా కలుగలేదు.

ఆ అవసరం 1986లో కలిగింది. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరం చెంత ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో బెడ్నోర్జ్, ముల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఒక పింగాణీ జాతి పదార్థంలో అతివాహకత్వాన్ని కనుగొన్నారు. విద్యుత్తు ఏమాత్రం నిరోధం లేకుండ ప్రవహించడమే అతివాహకత్వం. అంతకుముందు ఆ గుణం 23 కెల్విన్‌లకు లోబడిన తీవ్రశైత్యంలోనే కనిపించేది. ఖరీదైన ద్రవ హీలియం లేనిదే దాన్ని సాధించడం కష్టం. ఈ కొత్త పదార్థం 30 కెల్విన్‌లు దాటింది. 1987 ఆరంభంలో పాల్ చూ, మౌకుయెన్ వూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన మరొక పదార్థంలో 93 కెల్విన్‌ల వద్దనే అతివాహకత్వాన్ని చూశాయి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్‌ల వద్ద మరుగుతుంది. కాబట్టి చవుకగా దొరికే ద్రవ నైట్రోజన్‌లో ముంచితే చాలు, ఆ పదార్థం అతివాహకమవుతుంది. ఆ ఏడాది మార్చి 18న న్యూయార్కులో భౌతికశాస్త్రజ్ఞులు జరిపిన సభ ఈ ఒక్క విషయం మీద అర్ధరాత్రి దాటి సాగింది. బెడ్నోర్జ్, ముల్లర్‌లకు అదే సంవత్సరం నోబెల్ బహుమతి లభించింది.

అయితే చేతికి వచ్చినది నల్లని, పెళుసైన బిళ్ళ. విద్యుత్ పరికరాలకు కావలసినది పలుచని పొర. ఆ పొరను తయారుచేయడంలోనే చిక్కు వచ్చింది. ఈ పదార్థంలో ఇట్రియం ఒక పాలు, బేరియం రెండు పాళ్ళు, రాగి మూడు పాళ్ళు ఉండాలి. ఈ లెక్క తప్పితే అతివాహకత్వం దెబ్బతింటుంది. బిళ్ళను మూసలో వేసి కాచితే ఏమవుతుంది? ఉప్పునీటిని కాచి చూచినవారికి జవాబు తెలుసు. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు అడుగున మిగులుతుంది. బేరియం 1,900 డిగ్రీల సెల్సియస్ లోపుననే మరుగుతుంది. రాగికి 2,500 డిగ్రీలు దాటాలి. ఇట్రియానికి అంతకంటె ఎక్కువ వేడి కావాలి. నిదానంగా కాచితే తేలికగా మరిగేది ముందుగా పోతుంది, మొండిది వెనుకబడుతుంది. కలిసి బయలుదేరినవి కలిసి గమ్యం చేరవు. ఒక్కొక్క మూలకాన్ని విడివిడిగా ఆవిరి చేసి, పలక మీద సరియైన పాళ్ళలో కలిపే పద్ధతి లేకపోలేదు. మూడు పొయ్యిలను క్షణక్షణం కనిపెట్టుకొని ఉండవలసిన ఆ శ్రమ సామాన్యమైనది కాదు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో బెల్‌కోర్ సంస్థలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు టి. వెంకటేశన్, ఆయన సహచరులు డైక్‌క్యాంప్ మొదలైనవారు ఆ చిక్కును లేజరుతో విడదీశారు. వారు అతివాహకపు బిళ్ళనే లక్ష్యంగా శూన్యపాత్రలో ఉంచి, దానిమీద అతినీలలోహిత కాంతినిచ్చే ఎక్సైమర్ లేజరు స్పందాలను ప్రయోగించారు. దెబ్బ ఎంత ఆకస్మికమంటే, ముందు మరిగేది, వెనుక మరిగేది అన్న తారతమ్యానికి వ్యవధి చిక్కలేదు. దెబ్బ తిన్న చోట ఉన్నదంతా ఒకేసారి లేచింది. పాళ్ళు చెదరలేదు. పొరపైకి హీలియం అయాన్ల వంటి తేలిక కణాలను ప్రయోగించి, అవి వెనుదిరిగే తీరును బట్టి లోపలి మూలకాల పాళ్ళను లెక్కించే పద్ధతి ఒకటున్నది. దానికి రూథర్‌ఫర్డ్ పేరు పెట్టారు. ఆ పద్ధతిలో పరీక్షించగా పొరలోని పాళ్ళు బిళ్ళలోని పాళ్ళకు చాలా దగ్గరగా ఉన్నట్లు తేలింది. ఒక్కొక్క స్పందానికి పొర మందం నానోమీటరులో పదోవంతు పెరిగింది. అంటే దాదాపు ఒక పరమాణువంత.

1987లోనే ప్రచురితమైన ఆ ఫలితాలలో గమనింపదగిన విశేషం మరొకటున్నది. పొరను ఆక్సిజన్‌లో కాల్చి చల్లార్చిన తరువాత, 95 కెల్విన్‌ల వద్దనే అతివాహకత్వపు ఛాయలు మొదలయ్యాయి. స్ట్రాన్షియం టైటనేటు పలకపై పరచిన పొరలో నిరోధం 85 కెల్విన్‌ల వద్ద పూర్తిగా పోయింది. నీలమణి జాతికి చెందిన అల్యూమినియం ఆక్సైడు పలకపై పరచిన పొరకు 75 కెల్విన్‌ల దాకా రావలసివచ్చింది. ఇంతకుముందు చెప్పిన 77 అనే అంకెను గుర్తుచేసుకొంటే ఆ తేడా విలువ తెలుస్తుంది. ఒక పొర ద్రవ నైట్రోజన్‌లో అతివాహకమవుతుంది. రెండవది రెండు కెల్విన్‌ల తేడాతో కాలేకపోతుంది. పరమాణువులు ఎక్కడి నుండి బయలుదేరాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ వాలాయన్నదీ అంతే ముఖ్యం. పలకలోని పరమాణువుల వరుస, పొరలోని పరమాణువుల వరుసకు సరిపోలితే స్ఫటికం చక్కగా పెరుగుతుంది. అందుకనే తరువాతి పరిశోధకులు పలకను ముందుగానే 700, 800 డిగ్రీలకు వేడిచేసి, పాత్రలో కొద్దిపాటి ఆక్సిజన్‌ను నింపి, పొర పెరుగుతూ ఉండగానే దానికి కావలసిన ఆక్సిజన్ అందేటట్లు చూచుకొన్నారు.

ఈ పద్ధతికి లోపాలు లేవనుకొనరాదు. లేజరు దెబ్బకు ఆవిరితో పాటు కరిగిన పదార్థపు తుంపరలు కూడ ఎగసి పొర మీద పడతాయి. సున్నం వేసేటప్పుడు గోడపై పడే చిట్టి ఉండల వంటివవి. నునుపైన పొరలో మైక్రోమీటరు పరిమాణమున్న ఉండ పెద్ద లోపమే. లక్ష్యాన్ని ఒకే చోట కొట్టకుండ తిప్పుతూ కొట్టడం, బిళ్ళను గట్టిగా, సాంద్రంగా తయారుచేయడం వంటి ఉపాయాలతో ఈ బెడద తగ్గింది కాని సమసిపోలేదు. ప్లాస్మా ఒకే దిశలో ముందుకు చిమ్మడం వల్ల పొర సమమైన మందంతో ఏర్పడే మేర చాలా చిన్నది. ఇది ప్రయోగశాలకే తగిన విద్య, కర్మాగారానికి పనికిరాదని చాలాకాలం అనుకొన్నారు. ఆ అభిప్రాయం కొంతవరకు తొందరపాటే. పొడవైన లోహపు పట్టీని ప్లాస్మా ఎదుట నెమ్మదిగా జరుపుతూ పోతే, పూత పడే చోటు చిన్నదైనా పట్టీ పొడవుకు హద్దు ఉండదు. ఈనాడు ఈ మార్గంలో అతివాహక పట్టీలు వందల కిలోమీటర్ల పొడవున తయారవుతున్నాయి. ఇటువంటి అతివాహక పట్టీలు చుట్టిన అయస్కాంతం 2021 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగిన పరీక్షలో 20 టెస్లాల బలాన్ని అందుకొన్నది. సూర్యునిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమిపై సాధించాలన్న ప్రయత్నాలకు అటువంటి అయస్కాంతాలు అవసరం.

ఇంతవరకు చెప్పినదంతా శూన్యపాత్రలోని కథ. అదే లక్ష్యాన్ని నీటిలో ముంచి కొడితే కథ మారిపోతుంది. 1987లో పుణె నగరంలోని విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నీటి అడుగున ఉంచిన ఇనుముపై లేజరు స్పందాలను ప్రయోగించి, ఇనుము నీటితో చర్య జరిపి అసాధారణమైన ఆక్సైడు రూపాలను పొందడం గమనించారు. ఈ మార్గంలో తొలి అడుగులు వేసినవారిగా వారిని ఈ రంగంలోని పరిశోధకులు నేటికీ స్మరిస్తారు. 1993లో జర్మనీలో ఫోయ్‌టిక్, హెంగ్లెయిన్‌లు, అమెరికాలో నెడర్సన్, చుమనోవ్, కాటన్‌లు ద్రవంలో ఉంచిన లోహాల నుండి లేజరుతో నేరుగా నానోకణాలను రాబట్టారు.

ఈ ప్రయోగానికి కావలసిన సామగ్రి స్వల్పం. చిన్న గాజుపాత్ర అడుగున బంగారు బిళ్ళను ఉంచి, అది మునిగేటట్లు శుద్ధజలం పోసి, పై నుండి లేజరు స్పందాలను పంపాలి. శూన్యంలో స్వేచ్ఛగా చిమ్మే ప్లాస్మాను ఇక్కడ నీరు నలువైపుల నుండి అదిమిపడుతుంది. వేడికి చుట్టుపక్కల నీరు ఆవిరై బుడగగా ఉబ్బుతుంది. సెకనులో వెయ్యోవంతు గడవకముందే ఆ బుడగ కుప్పకూలుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే బంగారు పరమాణువులు చల్లబడి, ఒకదానినొకటి అంటిపెట్టుకొని, కణాలుగా గడ్డకట్టి నీటిలో కలుస్తాయి. ఒక్క స్పందంతో కంటికేమీ కనిపించదు. వేల స్పందాలు పడేసరికి నీటిలో లేత గులాబి ఛాయ మొదలై క్రమంగా ఎరుపుకు తిరుగుతుంది. నానోకణంలోని ఎలక్ట్రాన్లు తెల్లని వెలుగులోని ఆకుపచ్చ భాగాన్ని గట్టిగా పట్టుకొంటాయి. అది పోగా మిగిలిన వెలుగు మన కంటికి ఎర్రగా తోస్తుంది. బిళ్ళ వెండిదైతే నీరు పసుపవుతుంది. బంగారం ఎరుపు కావడం, వెండి పసుపు కావడం రసవాదుల కలలా తోస్తుంది కాని, ఇందులో ఒక లోహం మరొక లోహంగా మారడమన్నది లేదు.

ఫారడే సీసాకూ ఈ గాజుపాత్రకూ భేదమేమిటి? ఫారడే భాస్వరాన్ని వాడాడు. తరువాతి రసాయనశాస్త్రజ్ఞులు ఇతర ద్రవ్యాలను వాడారు. కణాలు ఏర్పడ్డాక కూడ ఆ ద్రవ్యాల అవశేషాలు కణం చుట్టూ పొరగా అంటుకొని ఉంటాయి. లేజరు పద్ధతిలో ఉన్నవి లోహం, నీరు, వెలుగు మాత్రమే. పుట్టిన కణం శుభ్రంగా ఉంటుంది. పద్ధతి నిదానమైనదన్న నింద మాత్రం చాలాకాలం వెంటాడింది. సాధారణ ప్రయోగశాలలో గంటసేపు శ్రమించినా దక్కేవి మిల్లీగ్రాములే. 2016లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్–ఎసెన్ విశ్వవిద్యాలయ బృందం 500 వాట్ల లేజరును వాడి, దాని కిరణాన్ని లక్ష్యంపై మహావేగంతో కదిలించి, గంటకు నాలుగు గ్రాముల ప్లాటినం నానోకణాలను సాధించింది. కిరాణాకొట్టు తూకంలో నాలుగు గ్రాములు లెక్కలోనికి రావు. నానోకణాల లోకంలో అది పెద్ద దిగుబడి.

స్పందం వ్యవధి కూడ క్రమంగా కురచనైంది. ఫెమ్టోసెకను నానోసెకనులో పదిలక్షలవ వంతు. 100 ఫెమ్టోసెకన్లలో కాంతి 30 మైక్రోమీటర్లు మాత్రమే కదులుతుంది. అది వెంట్రుక మందంలో సగం కూడ కాదు. ఇంతటి కురచ స్పందం తాకినప్పుడు లోహంలోని ఎలక్ట్రాన్లు ముందుగా శక్తిని గ్రహిస్తాయి. వాటి నుండి పరమాణువులకు వేడి అందేలోగానే కాంతి ముగిసిపోతుంది. దెబ్బ తిన్న చోటు చుట్టూ కాలిన గుర్తులు చాలావరకు తగ్గుతాయి.

కణం శుభ్రంగా ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఎంతటిదో చెప్పడానికి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన మంచి నిదర్శనం. 1928లో సి.వి. రామన్ కనుగొన్న పరిక్షేపణ ఫలితం ప్రకారం, ఒక పదార్థంపై ఒకే రంగు కాంతిని ప్రసరింపజేస్తే, వెలువడే కాంతిలో కొద్దిభాగం రంగు మారి వస్తుంది. ఆ మార్పు ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. వేలిముద్రతో మనిషిని గుర్తించినట్లు దానితో అణువును గుర్తించవచ్చు. అయితే ఆ కాంతి చాలా బలహీనం. పరీక్షించవలసిన పదార్థం రవ్వంతే ఉంటే ఆ వేలిముద్ర కనిపించదు. అదే పదార్థాన్ని వెండి, బంగారు నానోకణాల మీద ఉంచితే, కణాల సందులలో కాంతి గుమిగూడి, ఆ బలహీనమైన జాడను లక్షల రెట్లు పెంచుతుంది. కణం చుట్టూ రసాయనాల అవశేషముంటే దాని వేలిముద్ర కూడ దీనిలో కలిసి అయోమయం కలుగుతుంది. శుభ్రమైన కణానికి ఆ బాధ లేదు. 1993లో నెడర్సన్ బృందం లేజరు పద్ధతిని చేపట్టినది ఈ ప్రయోజనం కోసమే.

హైదరాబాదు 2007 ఆగస్టు 25న లుంబిని పార్కులో, గోకుల్ చాట్ వద్ద, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్ళను చవిచూచిన నగరం. సంచి మీదనో చేతి మీదనో అంటుకొన్న పేలుడు పదార్థాన్ని, అది నలుసంతైనా సరే, పేలుడుకు ముందే పసిగట్టడం ఎందరి ప్రాణాలకో సంబంధించిన పని. ఆ నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆచార్య సోమ వేణుగోపాలరావు, ఆయన శిష్యులు ఫెమ్టోసెకను, పికోసెకను లేజరు స్పందాలతో ద్రవాలలో వెండి, బంగారం, రాగి నానోకణాలను తయారుచేసి, వాటి సాయంతో పిక్రిక్ ఆమ్లం వంటి పేలుడు పదార్థాల అత్యల్ప పరిమాణాలను గుర్తించే పద్ధతులను అభివృద్ధి చేశారు. లేజరు దెబ్బ తిన్న లోహపు బిళ్ళ కూడ వృథా కాలేదు. దాని ఉపరితలంపై ఏర్పడిన నానో పరిమాణపు గరుకుదనమే మరొక పరీక్షాఫలకంగా ఉపయోగపడింది. మరికొన్ని ప్రయోగాలలో వారు ప్రయోగశాలలో ద్రవాలను వడగట్టడానికి వాడే మామూలు వడపోత కాగితాన్ని నానోకణాల ద్రవంలో నానబెట్టి ఆరబెట్టారు. అనుమానం కలిగిన పదార్థపు చుక్కను ఆ కాగితం మీద వేసి, చేతితో మోసుకొనిపోగల రామన్ పరికరం కింద ఉంచి చూస్తారు. తెరపై తేలిన గీతలలో పేలుడు పదార్థపు వేలిముద్ర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.